గోరింకకు పోచ దొరకని పురి

చీపురుపల్లిలో రైలు దిగి ఆటోలో ఆ ఊరికి వచ్చేవాళ్లు లక్ష్మణమ్మ ఇల్లెక్కడని అడగనక్కరలేదు. మలుపు తిరగ్గానే పనసచెట్టు, దాని పక్కన కళ్లంలో రాతిదిమ్మల మీద కూర్చున్న ధాన్యం పురి కనిపిస్తాయి. గడ్డితాడును వరసలు వరసలుగా చుట్టి, లోపల ధాన్యం పోసి కట్టిన ఆ పురి కింద సన్నగా మొదలై, నడుం దగ్గర ఉబ్బి, పైన మళ్లీ ముడుచుకుని, నెత్తిన గడ్డిటోపీ పెట్టుకుని నిలబడి ఉంటుంది. ఎవరు కట్టారని అడిగితే ఊళ్లోవాళ్లు చేస్తున్న పని ఆపి మరీ చెబుతారు.

"మా తాయారు" అంటారు.

ఆ ఊరు తాయారును 'మా' అనడానికి ఇరవై ఏళ్ల పైనే పట్టింది.

తాయారు పుట్టిల్లు పొందూరు అవతల. తండ్రి ఎర్రన్నకు కాస్త పల్లపు భూమి ఉండేది గానీ, కోతలైన దగ్గర్నుంచి పుష్యమాసం వెళ్లేదాకా అతను తన పొలంలో కన్నా ఇతరుల కళ్లాల్లోనే ఎక్కువ కనిపించేవాడు. పురి కట్టాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అతనికే కబురు పెట్టేవారు. పురికి ముందు తాడు పేనాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు గడ్డికుప్ప దగ్గర కూర్చుని పోచలు అందిస్తూ ఉండాలి. రెండోవారు ఆ పోచలను వంకీకర్రకు తగిలించి, కర్రను తిప్పుకుంటూ వెనక్కి నడవాలి. అందించడం ఆడవాళ్ల పని, తిప్పడం మగవాళ్ల పని. ఎర్రన్నకు కొడుకులు లేరు. భార్యకు గడ్డిదుమ్ము పడదు, దగ్గు ఎగదన్నుతుంది. అందుకని తాయారు ఆరో తరగతి మధ్యలో బడి మానేసి తండ్రి ఎదుట గడ్డికుప్ప దగ్గర కూర్చుంది.

ఆ పిల్ల మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. తండ్రి మణికట్టు ఎప్పుడు బిగుస్తుందో, అడుగు ఎప్పుడు వెనక్కి పడుతుందో చూసి చూసి, ఒకనాడు అతను చుట్ట వెలిగించుకోవడానికి ఆగినప్పుడు కర్ర అందుకుని తిప్పింది. ఎర్రన్న వద్దనలేదు. చుట్ట ఆరిపోయేదాకా చూసి, "నడూ, ఇంకా ఎనక్కి నడూ" అన్నాడు. ఆ రోజు నుంచి తాయారు ఆ కర్రను వదల్లేదు. చూసేవాళ్లు లేనప్పుడు కూతురు తిప్పేది, తండ్రి అందించేవాడు. ఎవరైనా వస్తున్న చప్పుడైతే ఇద్దరూ చోట్లు మార్చుకుని నవ్వుకునేవారు.

కట్టిన పురి గట్టిదో కాదో చెప్పడానికి ఎర్రన్న మనుషుల మాట నమ్మేవాడు కాదు. ఉగాది రానివ్వండి అనేవాడు. ఉగాది దగ్గర పడేసరికి గోరింకలు గూళ్లకు గడ్డి ఏరుకుంటాయి. ఇళ్ల చూరుల్లో తిరిగే గోధుమరంగు గోరింక సంగతి కాదు అతను చెప్పేది. నలుపు తెలుపు గోరింక సంగతి.

"సూడే గుంటా" అని వేలు పెట్టి చూపించేవాడు. తల, మెడ, రొమ్ము నిగనిగలాడే నలుపు. చెంపకు ముగ్గుపిండి అద్దినట్టు తెల్లటి మచ్చ. కడుపు తెలుపు, భుజం మీద తెల్లటి చార, ఎగిరినప్పుడు తోక మొదట్లో మరో తెల్లపట్టీ. కంటి చుట్టూ ఈక లేని చర్మం కనకాంబరం రంగులో మెరుస్తుంది. ముక్కు పొడుగ్గా, మొనదేరి, పసుపుపచ్చగా ఉండి మొదట్లో ఎరుపు తిరుగుతుంది. ఏది ఆడదో ఏది మగదో చూసి చెప్పలేం. రెండింటికీ ఒకటే వేషం.

"దీని ముక్కు పనితనం సూసినావా? కొంగైతే పొడుస్తాది. కాకైతే పీకుతాది. ఇది అలాగ్గాదు. మూసిన ముక్కు నేలలోకి దించుతాది. దించినాక లోపల తెరుస్తాది. మట్టి రెండుగా ఇచ్చుకుంటాది, పురుగు బయట పడతాది. అదే ముక్కు మన తాట్లోనూ దూరుస్తాది. మెలి సడలి ఉన్నాదనుకో, తాడు నోరు తెరిసీస్తాది. ఒక్క పోస పోతే దానెనకాల పది పోతాయి."

"పోకపోతే అయ్యా?"

"పోకపోతే నాను ఎర్రన్నని."

నరసింగరావును పెళ్లి చేసుకుని తాయారు చీపురుపల్లి అవతలి ఈ ఊరు వచ్చేసరికి పురులు కట్టే రోజులు పోయాయి. కోతమిషన్లు వచ్చి గడ్డిని ముక్కలు చేస్తున్నాయి. ధాన్యం చేలోంచే సంచుల్లోకి, సంచుల్లోంచి లారీలోకి పోతోంది. తాయారు ఊడ్పులకు వెళ్లింది, కలుపులకు వెళ్లింది, జీడితోటల్లో పిక్కలు ఏరింది, ఉపాధి పనిలో మట్టి మోసింది. ఇద్దరు పిల్లల్ని పెంచింది. గడ్డితాడు తిప్పడం వచ్చని ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఎర్రన్న పోయాక ఆ వంకీకర్రను మాత్రం తెచ్చుకుని అటక మీద పెట్టుకుంది.

ఒక్క అలవాటు మిగిలింది. పని నుంచి వస్తూ బోరింగు దగ్గర ఆగి గోరింకల్ని చూసేది. నలుపు తెలుపు గోరింక తడిని వదిలి ఉండదు. బోరింగు నీళ్లు పారే కాలవ, గేదెలు తొక్కిన బురద, నీళ్లు పెట్టిన పొలం, పేడకుప్ప, ఇవీ దాని తావులు. అడవిలో కనిపించదు, ఎండిన మెట్టలో కనిపించదు. ఊరినీ నీటినీ అంటుకుని ఉంటుంది. పిచ్చుకలా గెంతదు. కళ్లం కొలవడానికి వచ్చిన పెద్దరైతులా అడుగులో అడుగు వేసి నడుస్తుంది. నడుస్తూ నడుస్తూ ముక్కు దించుతుంది, తెరుస్తుంది. సాయంత్రమైతే గుంపంతా ఒక చెట్టు మీద చేరి ఈలలు, గురగురలు, మధ్యలో వేరే పిట్టల గొంతులు కలిపి ఒకటే కచేరీ. వాటిని చూసినంతసేపూ తాయారుకు తండ్రి పక్కన నిలబడినట్టే ఉండేది.

నిరుడు లక్ష్మణమ్మ ఒక మడిలో పాతకాలపు ఎర్రధాన్యం వేయించింది. భర్త బతికున్నప్పుడు ఆ అన్నమే ఇష్టపడేవాడట. ఆ చేను మనిషి రొమ్ము ఎత్తు ఎదిగి పక్కకు ఒరుగుతుంది, మిషనుకు లొంగదు. కొడవళ్లతోనే కోయించింది. విత్తనం నిలబెట్టుకోవాలని ఆవిడ పట్టుదల. సంచుల్లో విత్తనం ఉడికిపోతుందని భయం. అందుకని అప్పలసూరిని పిలిపించింది. ఆ ఊళ్లో చివరిగా పురులు కట్టినవాడు ఆయనే.

"నా మోకాళ్లు ముందుకే నడవవు, ఎనక్కేటి నడుస్తాయి?" అన్నాడు అప్పలసూరి. "పురి కట్టీవోడు మరి ఈ ఊళ్లో ఎవుడూ నేడు లక్ష్మణమ్మా. నాతోనే సరి."

కళ్లం ఊడుస్తున్న తాయారు చీపురు ఆపింది. "నాను కడతాను మావా" అంది.

అప్పలసూరి ఆమె వైపు కాకుండా, ఆమె వెనక ఎవరో ఉన్నట్టు చూశాడు. "ఎవులూ? నరసింగి పెళ్లానివా? నీకెవులు నేర్పినారే?"

"మా అయ్య. ఎర్రన్న."

"పొందూరు కాడ ఎర్రన్నా? ఓలమ్మ! ఆడు కట్టిన పురులు నాను సూసినాను. మనిసంటే ఆడు. అయితే కోడలా, ఎర్రన్న కూతురు పోసలు అందించీదై ఉంటాది గానీ తిప్పీది కాదు."

"రెండూ సేసినాను."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అప్పలసూరి నవ్వలేదు. "సరే, కట్టు. నానూ సూస్తాను, ఉగాది రానీ. గోరింకలు సెప్తాయి నీది తాడో, తలెంట్రుకో."

"సెప్పనీ" అంది తాయారు.

ఆ ఊళ్లో నలుగురి ముందు ఆమె అంత గట్టిగా పలకడం అదే మొదటిసారి. ఇంటికి వెళ్లాక అటక కింద నిలబడి పైకి చూసింది. పురి సడలితే లక్ష్మణమ్మ విత్తనం పోతుంది. దానికన్నా ముందు, తండ్రిని ఎన్నడూ చూడని వాళ్ల నోట కూడా ఆయన పేరు పలచనైపోతుంది.

మర్నాడు అటక మీది కర్ర దింపింది. పోచలు అందించడానికి నరసింగరావు కూర్చున్నాడు.

"ఒరే నరసింగీ, గాజులేవిరా?" అని దారినపోయే బావలు అరిస్తే, "కొనితెండ్రా, తొడుక్కుంటాను. మీ పెళ్లాలకి రాని పని మా ఆడదానికి వచ్చును" అన్నాడు. మధ్యలో ఫోను మోగితే భుజానికీ చెవికీ నడుమ ఇరికించుకుని మాట్లాడబోయాడు.

"ఫోను పెట్టీ" అంది తాయారు దూరం నుంచే. "పోస పలసనవుతన్నాది."

"ఆ సివర నుంచి ఎలా తెలిసినాదే నీకు?"

"సేతికి తెలుస్తాది. పెట్టీ."

తాడు కళ్లం ఈ చివర నుంచి ఆ చివరకు సాగింది. దిమ్మల మీద గడ్డి పరిచి, మొదటి చుట్టు వేసి, బుట్టలతో ధాన్యం పోశారు. ధాన్యం లోపలి నుంచి తోస్తూ ఉంటే తాయారు బయటి నుంచి తాడును అరచేత్తో కొట్టి బిగిస్తూ, పురి చుట్టూ తిరుగుతూ వరస మీద వరస ఎక్కించింది. అప్పలసూరి బోర్లించిన గంప మీద కూర్చుని రోజంతా చూశాడు. టోపీ కప్పేసరికి ఆయన ఇక ఉండలేకపోయాడు. మిగిలిన గడ్డి ముందేసుకుని, భార్య కూర్మమ్మను అందించమని, కూర్చున్నచోటే కొంత తాడు తిప్పాడు.

"ఇదీ తాడంటే" అని అందరికీ చూపించాడు. ఆ తాడును ఇంటికి తీసుకుపోయి, చుట్టలుగా చుట్టి కుట్టి, అరుగు మీద మోకాళ్ల నొప్పికి మెత్తగా ఉండేలా పీట చేసుకున్నాడు.

ఉగాది వచ్చింది. లక్ష్మణమ్మ పనసచెట్టు పైకొమ్మ మీద నలుపు తెలుపు గోరింకల జంట గూడు మొదలెట్టింది. అందమైన గూడు కాదది. పెద్ద గుమ్మడికాయంత గడ్డిముద్ద. పక్కన లోపలికి ఒక దారి. గుడ్డపీలికలు, కోడి ఈకలు, ప్లాస్టిక్ దారం కూడా దోపుకుంటాయి. పోచలు జడకుచ్చుల్లా కిందికి వేలాడుతుంటాయి. ఆలుమగలు రెండూ మోస్తాయి. ఒకటి వస్తే ఒకటి పోతుంది.

నాలుగు రోజులకు గూట్లోంచి వేలాడే పోచలు ఊరంతా చూసింది. పొడుగాటి బంగారు రంగు పోచలు. మిషను కోసిన గడ్డి అలా ఉండదు. ఆ రంగు, ఆ పొడుగు ఎర్రధాన్యం గడ్డికే ఉంది. ఆ గడ్డి ఊళ్లో ఇంకెవరికీ లేదు.

"ఏటే కోడలా" అన్నాడు అప్పలసూరి టీకొట్టు దగ్గర, పదిమంది వినేలా. "నీ పురి కొమ్మెక్కిపోనాదేటి?"

నవ్వులు. తాయారు తల వంచుకుని వెళ్లిపోయింది. నేరుగా పురి దగ్గరికి వెళ్లి, కింద నుంచి పైదాకా అరచేత్తో తడిమింది. నిచ్చెన వేసుకుని టోపీ కింద కూడా చెయ్యి పెట్టి చూసింది. తాడు ఎక్కడా నోరు తెరవలేదు. పోచ ఎక్కడా లేవలేదు. మరి ఆ గడ్డి ఎక్కడిది?

లక్ష్మణమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. "నీ మీద నమ్మకం నేక కాదే తాయారూ. వాన పడితే తడి దిగిపోతాది, విత్తనం మొక్కెత్తిపోతాది. ఎల్లుండి ఇప్పించీసి సంచులకి ఎత్తించీనా?"

"రేపటికి ఆగత్తా. గోరింకల్ని అడిగి వస్తాను."

"ఏటీ?"

తాయారు అప్పటికే నిచ్చెన తీసి గోడకు చేర్చింది.

మర్నాడు తెల్లవారగానే బోరింగు దగ్గర కూర్చుంది. జంట దిగింది. కాలవ బురదలో అడుగులో అడుగు వేసి, ముక్కు దించి, తెరిచి, పురుగులు ఏరుకుని కడుపు నింపుకున్నాయి. తర్వాత ఒకటి లేచింది. ఆ పిట్ట ఎగరడం నిదానం. గుండ్రటి రెక్కలు ఆడించుకుంటూ సీతాకోకచిలుకలా తేలుతూ పోతుంది. అందుకే తాయారు దాని వెనకాలే నడవగలిగింది. అది లక్ష్మణమ్మ ఇంటివైపు వెళ్లలేదు. రెండు వీధులు దాటి అప్పలసూరి అరుగు మీద వాలింది.

అప్పలసూరి టీకి వెళ్లాడు. పీట ఖాళీగా ఉంది. గోరింక పీట మీదికి ఎక్కి, అటూ ఇటూ చూసి, మూసిన ముక్కు తాట్లోకి దించి తెరిచింది. తాడు నోరు తెరిచింది. పొడుగాటి పోచ ఒకటి లాక్కుని ఎగిరిపోయింది. రెండోది వచ్చి అదే చోట మరొకటి లాగింది.

లోపల చింతపండు పిక్కలు తీస్తున్న కూర్మమ్మ కూడా చూసింది. "ఓలమ్మా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. "ముసిలోడి పీటే! రోజూ కూకున్నప్పుడల్లా 'పల్లమైపోతన్నాదే, పల్లమైపోతన్నాదే' అంతన్నాడు. నా కూర తిని ఆడే ఒళ్లొచ్చి బరువెక్కిపోనాడనుకున్నాను. ఉండు, టీకొట్టు కాడికెల్లి సెప్పొస్తాను."

తాయారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వద్దత్తా."

"ఎందుకే? పదిమందిలో నిన్నన్నాడు కాదేటి?"

"మావ సేతులు మా అయ్య సేతుల్లాంటివే. కూకుని తిప్పితే ఎవులి తాడైనా సడలుతాది. మోకాళ్లు నడవకపోతే ఆయనేటి సేస్తాడు? నాకు నా పురి నిలబడితే సాలు."

అంతలో అప్పలసూరి రానే వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి, "ఏటి గుసగుసలు?" అంటూ పీట మీద కూర్చున్నాడు. పీట ఒక పక్కకు కుంగింది. ఆయనకు తెలియని పని కాదు. చేత్తో కింద తడిమాడు. వేలు సులువుగా తాట్లోకి దిగిపోయింది. కూర్మమ్మ పనసచెట్టు వైపు తల తిప్పి చూసింది. అప్పలసూరి కూడా అటు చూశాడు. తాయారు చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది.

మర్నాడు లక్ష్మణమ్మ సంచులు తెప్పించింది. తాయారు తాను చూసినది చెప్పలేదు. "పురి గట్టిగా ఉన్నాదత్తా, నన్ను నమ్ము" అని మాత్రం అంది. లక్ష్మణమ్మ సంచి ఒకటి చేత్తో పట్టుకుని ఎటూ తేల్చుకోలేక నిలబడింది. అప్పుడు అప్పలసూరి కర్ర పోటేసుకుంటూ, ఒక్కో అడుగే వేస్తూ కళ్లంలోకి వచ్చాడు. నేరుగా వెళ్లి పురి చుట్టూ తిరిగాడు. వేలు పెట్టి చూశాడు, దిగలేదు. గోరు పెట్టి చూశాడు. చెవి ఆనించి అరచేత్తో కొట్టాడు. నిండు బానను కొట్టినట్టు మొద్దుగా మోగింది.

అదే సమయానికి గోరింక వచ్చి పురి భుజం మీద వాలింది. ముగ్గురూ కదల్లేదు. అది తల వాల్చి, కనకాంబరం అంచు కంటితో తాడును చూసింది. మూసిన ముక్కు మొన వరసల నడుమ ఆనించింది. దిగలేదు. ఇంకొంచెం పక్కకు నడిచి మళ్లీ ఆనించింది. మెడ బిగించి తోసింది. పైవరసకు ఎక్కి ప్రయత్నించింది. ముక్కును తాడుకే అటొకసారి ఇటొకసారి తుడుచుకుని, గట్టిగా ఒక ఈల వేసి, అప్పలసూరి ఇంటి దారి పట్టింది.

అప్పలసూరి నవ్వడం మొదలెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

"లక్ష్మణమ్మా, సంచులు పంపించీ. దీన్ని ఇప్పితే పాపం తగుల్తాది. ఆ గూట్లో గడ్డి నా పీటదే. నా సేతులు సడలిపోనాయి." తర్వాత తాయారు వైపు తిరిగాడు. ఈసారి ఆమెనే చూశాడు. "నిన్న నువ్వు సూసినావు. ఊరంతా సెప్పొచ్చును. ఎందుకు సెప్పనేదే?"

"గోరింకలు సెప్తాయన్నావు కదా మావా."

"ఎర్రన్న కూతురివే" అన్నాడు. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర, మొదట వెక్కిరించిన ఆ పదిమంది ముందే, పీట సంగతి తనే చెప్పాడు. చివర్న "మా తాయారు తాడు" అన్నాడు.

పనస మీది గూట్లో లేతనీలం గుడ్లు పెట్టాయట. పనసకాయలు కోయడానికి ఎక్కినవాళ్లు గూటి దారిలోంచి చూసి చెప్పారు. పిల్లలు బయటికి వచ్చేసరికి నలుపు బదులు గోధుమరంగులో, కంటి చుట్టూ వన్నె లేకుండా, తల్లిదండ్రుల వెంట నోళ్లు తెరుచుకుని బోరింగు కాలవలో తిరిగాయి. తొలకరికి పురి విప్పారు. ధాన్యం పొడిపొడిగా, గలగలమంటూ జారింది. లక్ష్మణమ్మ దోసిలితో తీసి వాసన చూసి, మొదటి దోసిలి తాయారు కొంగులో పోసింది. మళ్లు మొలకలతో పచ్చబడ్డాయి. ఆ విత్తనం చూసి ఇంకో ఇద్దరు రైతులు ఎర్రధాన్యం వేశారు.

ఈ పుష్యంలో లక్ష్మణమ్మ కళ్లంలో కొత్త పురికి గడ్డి దింపారు. తాయారు కర్ర పట్టుకుని వచ్చేసరికి గడ్డికుప్ప దగ్గర నరసింగరావు లేడు. గంప బోర్లించుకుని, పోచలు సమంగా విడదీసుకుంటూ అప్పలసూరి కూర్చుని ఉన్నాడు.

దారినపోతున్న కూర్మమ్మ ఆగింది. "ఓలమ్మా, అందించడం ఆడోళ్ల పనన్నావు కాదేటి?"

"నోర్ముయ్యే" అన్నాడు అప్పలసూరి. "అందించడం మోకాళ్లు నడవనోళ్ల పని." గడ్డి కొస తాయారు చేతికి అందించాడు. "ఊఁ కోడలా, నడూ. ఎనక్కి నడూ."

తాయారు కొసను వంకీకి తగిలించి, మణికట్టు బిగించి, అడుగు వెనక్కి వేసింది.